వలయ లేజర్లతో మౌలిక సౌష్ఠవాల పరీక్షలు: అమెరికా సంయుక్త రాష్ట్రాలు

నిర్వచనం

వలయ లేజర్ అంటే మూడు లేదా అంతకంటే ఎక్కువ అద్దాలతో మూసిన మార్గాన్ని ఏర్పరచి, అందులో లేజర్ కాంతిని ఒకేసారి సవ్య, అపసవ్య దిశల్లో తిప్పే పరికరం. మార్గం త్రిభుజంగానో చతురస్రంగానో ఉండవచ్చు. వృత్తాకారంగా ఉండాలన్న నియమం లేదు. రెండు పుంజాలూ ఒకే అద్దాలను తాకి, ఒకే దూరం ప్రయాణించి, ఒకే యానకం గుండా వెళతాయి. అందువల్ల రెండింటికీ సమానంగా వచ్చే మార్పులు పరస్పరం రద్దవుతాయి. రెండు దిశల మధ్య భేదం కలిగించే ప్రభావాలు మాత్రమే కొలతలో మిగులుతాయి.

ఈ గుణమే వలయ లేజర్‌ను మౌలిక సౌష్ఠవాల పరీక్షకు తగిన సాధనం చేసింది. కాంతివేగం అన్ని దిశల్లోనూ ఒకటేనా, కాలాన్ని వెనక్కి నడిపినట్లు ఊహిస్తే భౌతిక నియమాలు మారకుండా ఉంటాయా, విశ్వంలో ప్రత్యేక హోదా గల నిర్దేశ చట్రం ఉందా అన్న ప్రశ్నలను దీనితో ప్రయోగశాలలో పరిశీలించవచ్చు. వలయ లేజర్ పుట్టినది అమెరికాలో. ఈ పరీక్షలకు కావలసిన సిద్ధాంత చట్రాల్లో కూడా ముఖ్యమైనవి అక్కడే రూపొందాయి.

పరిధి, పరిభాష

భౌతికశాస్త్రంలో సౌష్ఠవం అంటే ఒక మార్పు చేసిన తర్వాత కూడా నియమాలు యథాతథంగా ఉండటం. ఈ వ్యాసానికి సంబంధించిన సౌష్ఠవాలు ప్రధానంగా నాలుగు.

లోరెంట్జ్ సౌష్ఠవం: ప్రయోగశాలను ఏ దిశకు తిప్పినా, ఏ స్థిరవేగంతో కదిలించినా భౌతిక నియమాలు మారవు. ప్రత్యేక సాపేక్షతా సిద్ధాంతానికి ఇది పునాది.

పారిటీ: అద్దంలోని ప్రతిబింబ ప్రపంచంలో కూడా అవే నియమాలు వర్తిస్తాయా అన్నది దీని ప్రశ్న.

కాల విపర్యయ సౌష్ఠవం: చలనాలన్నిటినీ వెనక్కి తిప్పినప్పుడు కూడా అవే నియమాలు వర్తిస్తాయా అన్నది దీని ప్రశ్న.

సంయుక్త సౌష్ఠవం: ఆవేశ సంయుగ్మం (కణాలను ప్రతికణాలుగా మార్చడం), పారిటీ, కాల విపర్యయం అనే మూడు మార్పులనూ కలిపి చేసినప్పుడు నియమాలు మారకపోవడం. ఇది లోరెంట్జ్ సౌష్ఠవంతో సన్నిహితంగా ముడిపడి ఉంది.

వీటిలో పారిటీ బలహీన అన్యోన్య చర్యల్లో భంగమవుతుందని చియన్ షియుంగ్ వూ, వాషింగ్టన్‌లోని జాతీయ ప్రమాణాల సంస్థ శాస్త్రజ్ఞులు కలిసి చేసిన ప్రయోగం 1957లో వెల్లడించింది. ఆవేశ సంయుగ్మం, పారిటీల ఉమ్మడి సౌష్ఠవానికి కూడా భంగం ఉందని 1964లో బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో జేమ్స్ క్రోనిన్, వాల్ ఫిచ్ బృందం కనుగొంది. లోరెంట్జ్ సౌష్ఠవానికి గాని, మూడింటి సంయుక్త సౌష్ఠవానికి గాని భంగం ఇంతవరకు నిర్ధారణ కాలేదు.

పనిచేసే సూత్రం: సాన్యాక్ ప్రభావం

వలయం స్థిరంగా ఉంటే రెండు దిశల కాంతికీ మార్గం సమానం. వలయం తిరుగుతుంటే, ఆ దిశలోనే పోయే కాంతి బయలుదేరిన చోటికి తిరిగి చేరడానికి కొంచెం ఎక్కువ దూరం పోవాలి. ఎదురు దిశలో పోయే కాంతికి ఆ దూరం తగ్గుతుంది. ఫ్రెంచి భౌతికశాస్త్రజ్ఞుడు జార్జ్ సాన్యాక్ 1913లో తిరిగే వ్యతికరణ మాపకంతో దీన్ని చూపాడు కాబట్టి దీనికి ఆయన పేరు వచ్చింది.

సాధారణ వ్యతికరణ మాపకంలో ఈ భేదం వ్యతికరణ పట్టీల జరుగుబాటుగా కనిపిస్తుంది. వలయ లేజర్‌లో అది పౌనఃపున్య భేదంగా మారుతుంది. లేజర్ అనునాదకంలో మార్గం పొడవు తరంగదైర్ఘ్యానికి పూర్ణ గుణిజంగా ఉండాలి. మార్గం మారితే పౌనఃపున్యం కూడా దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. బయటికి తీసిన రెండు పుంజాలను కలిపితే ఆ భేదం విస్పందనాలుగా వినిపించేంత తక్కువ పౌనఃపున్యంలో లభిస్తుంది.

విస్పందన పౌనఃపున్యాన్ని ఇలా లెక్కిస్తారు: వలయం ఆవరించిన వైశాల్యాన్ని నాలుగుతో హెచ్చించి, చుట్టుకొలత, తరంగదైర్ఘ్యాల లబ్ధంతో భాగించి, వలయ తలానికి లంబంగా ఉన్న కోణీయ వేగంతో గుణించాలి. ఒక మీటరు భుజం గల చతురస్ర వలయాన్ని 632.8 నానోమీటర్ల ఎర్రని హీలియం–నియాన్ కాంతితో నేలకు సమాంతరంగా అమర్చితే, భూభ్రమణం ఒక్కటే కలిగించే విస్పందనం 40 డిగ్రీల ఉత్తర అక్షాంశంలోని కొలరాడో నగరం బౌల్డర్‌లో సుమారు 74 హెర్ట్జ్ అవుతుంది. అదే పరికరం హైదరాబాదులో ఉంటే సుమారు 34 హెర్ట్జ్ చూపుతుంది. ఆ కాంతి అసలు పౌనఃపున్యం సెకనుకు సుమారు 474 లక్షల కోట్ల కంపనాలు. అంటే లక్ష కోట్లలో ఒక వంతు కంటే తక్కువ భేదాన్ని ఈ పరికరం నేరుగా లెక్కపెడుతోందన్న మాట.

పెద్ద వలయంలో వైశాల్యం చుట్టుకొలత కంటే వేగంగా పెరుగుతుంది. కనుక సున్నితత్వం కోరే పరిశోధకులు వలయ పరిమాణాన్ని పెంచుతూ వచ్చారు.

సౌష్ఠవాలతో సంబంధం

కాల విపర్యయం చేస్తే సవ్య దిశలో పోయే పుంజం అపసవ్య పుంజంగా మారుతుంది. వలయం, అందులోని యానకం ఆ మార్పుకు లోనుకాకుండా ఉంటే రెండు పుంజాల పౌనఃపున్యాలూ సమానంగా ఉండాలి. విస్పందనం కనిపించిందంటే, కాల విపర్యయంలో గుర్తు మారే అంశం ఏదో వలయంలో ఉన్నట్టే. అలాంటివి తెలిసినవి మూడు: భ్రమణం, అయస్కాంత క్షేత్రం, కదిలే యానకం. ఈ మూడింటినీ లెక్కించి తీసివేశాక ఇంకా భేదం మిగిలితే అది కొత్త భౌతికశాస్త్రానికి సూచన అవుతుంది.

ధ్రువణ తలం తిరిగే రెండు విధాలను పోల్చితే ఈ విచక్షణ స్పష్టమవుతుంది. చక్కెర ద్రావణం వంటి పదార్థాల్లోని సహజ ధ్రువణ భ్రమణం పారిటీలో గుర్తు మారుతుంది గాని కాల విపర్యయంలో మారదు. కాంతి వచ్చిన దారినే తిరిగి పంపితే ఆ భ్రమణం రద్దవుతుంది. అయస్కాంత క్షేత్రం వల్ల కలిగే ఫారడే భ్రమణం దీనికి విరుద్ధం: కాల విపర్యయంలో గుర్తు మారుతుంది, తిరుగు ప్రయాణంలో రెట్టింపవుతుంది. కాబట్టి వృత్తాకార ధ్రువణం గల ఎదురెదురు పుంజాల మధ్య పౌనఃపున్య భేదాన్ని ఫారడే ప్రభావం కలిగించగలదు. సహజ ధ్రువణ భ్రమణం ఒక్కటే ఆ పని చేయలేదు.

లోరెంట్జ్ సౌష్ఠవం విషయంలో ఒక పరిమితి ఉంది. కాంతివేగం ఒక స్థిర దిశలో కాస్త ఎక్కువగా, ఎదురు దిశలో అంతే తక్కువగా ఉందనుకుందాం. శూన్యంలోని మూసిన మార్గం చుట్టూ తిరిగేసరికి లాభనష్టాలు మొదటి స్థాయిలో సరిసమానమై భేదం కనిపించదు. దాన్ని బయటపెట్టాలంటే వలయంలో ఒక భుజాన్ని మిగతావాటి కంటే భిన్నంగా, ఉదాహరణకు గాజుతో నింపి, అమర్చాలి. అసౌష్ఠవ వలయాల రూపకల్పనకు ఇదే కారణం.

చరిత్ర: లేజర్‌కు పూర్వం

కాంతి దిశాభేదంపై అమెరికాలో తొలి ప్రసిద్ధ ప్రయోగం 1887లో ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో ఆల్బర్ట్ మైకెల్సన్, ఎడ్వర్డ్ మోర్లీ చేసినది. లంబంగా ఉన్న రెండు భుజాల్లో పోయివచ్చే కాంతి కాలాలను పోల్చినప్పుడు, కాంతికి యానకంగా ఊహించిన ఈథర్ గుండా భూమి కదులుతుంటే రావలసిన మార్పు కనిపించలేదు.

మూసిన వలయంతో భూభ్రమణాన్ని కొలిచే ప్రయోగం 1925లో ఇలినాయ్ రాష్ట్రంలో షికాగో సమీపాన ఉన్న క్లియరింగ్ వద్ద జరిగింది. మైకెల్సన్, హెన్రీ గేల్, ఫ్రెడ్ పియర్సన్ కలిసి గాలి తీసివేసిన గొట్టాలతో సుమారు 612 మీటర్ల పొడవు, 339 మీటర్ల వెడల్పు గల దీర్ఘచతురస్రాన్ని నిర్మించారు. భూమిని ఆపి సున్నా స్థానం గుర్తించడం సాధ్యం కాదు కాబట్టి, పోలిక కోసం దానితోపాటు ఒక చిన్న వలయాన్ని కూడా ఏర్పాటు చేశారు. వ్యతికరణ పట్టీ జరుగుబాటు 0.236 ఉండాలని లెక్క. పరిశీలనలో 0.230 వచ్చింది, దోష పరిమితి 0.005.

సాపేక్షతా సిద్ధాంతం, నిశ్చల ఈథర్ సిద్ధాంతం రెండూ ఈ ఫలితాన్నే ఊహిస్తాయి. కనుక ఆ ప్రయోగం వాటి మధ్య తీర్పు చెప్పలేదు. భూభ్రమణాన్ని కాంతితో కొలవగలమని మాత్రం నిరూపించింది. సాన్యాక్ తన ఫలితాన్ని ఈథర్‌కు ఆధారంగా భావించాడు. సాపేక్షత కూడా దాన్ని వివరిస్తుందని మాక్స్ ఫాన్ లావే 1911లోనే చూపి ఉన్నాడు.

చరిత్ర: లేజర్ యుగారంభం

న్యూజెర్సీ రాష్ట్రం మరే హిల్‌లోని బెల్ ప్రయోగశాలల్లో అలీ జవాన్, విలియం బెనెట్, డొనాల్డ్ హెరియట్ 1960 డిసెంబరులో తొలి హీలియం–నియాన్ లేజర్‌ను పనిచేయించారు. నిరంతరంగా వెలిగే ఈ వాయు లేజర్ లేకుండా వలయ లేజర్ సాధ్యమయ్యేది కాదు. మూసిన మార్గంలో లేజర్ చర్యను వాడుకోవచ్చని అడాల్ఫ్ రోసెంథాల్ 1962లో ప్రతిపాదించాడు. 1963లో న్యూయార్క్ రాష్ట్రంలోని గ్రేట్ నెక్‌లో స్పెర్రీ జైరోస్కోప్ కంపెనీకి చెందిన వారెన్ మాసెక్, డేవిస్ ఒక మీటరు భుజం గల చతురస్ర వలయ లేజర్‌తో భ్రమణాన్ని నమోదు చేశారు. మరుసటి ఏడాది మాసెక్ బృందం వలయ లేజర్‌తోనే, కదిలే యానకం కాంతిని తనతో ఈడ్చుకుపోయే ఫ్రెనెల్ ఈడ్పును కొలిచింది.

అదే కాలంలో జసేజా, జవాన్, మరే, చార్లెస్ టౌన్స్ మసాచుసెట్స్ తీరంలోని రౌండ్ హిల్‌లో రెండు హీలియం–నియాన్ లేజర్లను లంబంగా అమర్చి, వేదికను తిప్పుతూ వాటి విస్పందనాన్ని పరిశీలించారు. 1964లో ప్రచురించిన ఈ ప్రయోగం, భూమి కక్ష్యావేగం వల్ల ఈథర్ సిద్ధాంతం ఊహించే మార్పులో వెయ్యో వంతు వరకు కూడా ఏమీ లేదని తేల్చింది. అది వలయ లేజర్ కాకపోయినా, లేజర్ పౌనఃపున్యంతో సౌష్ఠవాన్ని పరీక్షించే పద్ధతికి దారి చూపింది.

చరిత్ర: 1970 తర్వాత

ఒక్లహోమా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో హాన్స్ బిల్గర్, సహచరులు 1972, 1977 ప్రచురణల్లో వలయ లేజర్‌తో ఫ్రెనెల్ ఈడ్పును మరింత కచ్చితంగా కొలిచారు. వక్రీభవన గుణకం తరంగదైర్ఘ్యంతో మారడం వల్ల వచ్చే అదనపు పదాన్ని కూడా వేరుచేశారు. ఈ పదం ప్రత్యేక సాపేక్షత నుంచి సహజంగా వస్తుంది.

1973లో కనెటికట్ రాష్ట్రంలోని వెస్లియన్ విశ్వవిద్యాలయం నుంచి విలియం ట్రిమర్, రాల్ఫ్ బయర్‌లైన్, జేమ్స్ ఫాలర్, హెన్రీ హిల్ త్రిభుజాకార వ్యతికరణ మాపకంతో చేసిన ప్రయోగాన్ని ప్రచురించారు. ఒక భుజంలో గాజు ఉంచి, ఎదురెదురు దిశల కాంతివేగాల భేదం కోసం వెతికారు. భేదం కనిపించలేదు. తర్వాతి కాలపు అసౌష్ఠవ వలయ అనునాదకాలకు ఇది పూర్వరూపం.

1977లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో షావుల్ ఎజికీల్, బల్సామో నిష్క్రియ వలయ అనునాదక పద్ధతిని చూపారు. 1979లో బౌల్డర్‌లో అలాన్ బ్రిలే, జాన్ హాల్ తిరిగే వేదికపై ఉంచిన అనునాదకంతో దిశలవారీ మార్పును 10⁻¹⁵ స్థాయి వరకు పరీక్షించారు. 1981లో మార్లన్ స్కల్లీ, సుహైల్ జుబైరీ, మార్క్ హౌగన్ పెద్ద వలయ లేజర్‌తో గురుత్వ సిద్ధాంతాలను పరీక్షించే ప్రతిపాదనను వెలువరించారు. భూమి తన చుట్టూ ఉన్న దేశకాలాన్ని ఈడ్చే ప్రభావం, ప్రత్యేక చట్రం ఉంటే దాని ప్రభావం, రెండూ సూత్రరీత్యా విస్పందనంలో కనిపిస్తాయని వారు వివరించారు. కొలరాడో స్ప్రింగ్స్‌లోని వైమానిక దళ అకాడమీలో ఫ్రాంక్ సైలర్ పరిశోధనాలయం సుమారు 60 చదరపు మీటర్ల నిష్క్రియ వలయంపై పనిచేసింది.

బిల్గర్ న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ స్టెడ్‌మన్‌తో కలిసి ముక్కాలు చదరపు మీటరు వైశాల్యం గల వలయ లేజర్‌ను రూపొందించాడు. సాన్యాక్ ప్రభావానికి మించిన దిశాభేదాల పరీక్షకు దాన్ని వినియోగించిన తీరును 1993లో ప్రచురించారు. స్టెడ్‌మన్ 1997లో రాసిన సమీక్షా వ్యాసం ఈ రంగానికి ప్రామాణిక ఆకరంగా నిలిచింది.

రకాలు

క్రియాశీల వలయ లేజర్: కాంతిని వృద్ధిచేసే వాయువు వలయంలోనే ఉంటుంది. రెండు పుంజాలూ లోపలే పుడతాయి. పెద్ద హీలియం–నియాన్ వలయాలన్నీ ఈ తరగతివి.

నిష్క్రియ వలయ అనునాదకం: లేజర్ బయట ఉంటుంది. దాని కాంతిని ఖాళీ వలయంలోకి రెండు దిశల్లోనూ పంపి, అనునాద పౌనఃపున్యాలను పోల్చుతారు. వృద్ధి యానకం వల్ల వచ్చే దోషాలు దీనిలో ఉండవు. లేజర్‌ను వలయానికి కట్టడిచేసే వ్యవస్థ మాత్రం సంక్లిష్టం.

అసౌష్ఠవ వలయం: ఒక భాగంలో వేరే వక్రీభవన గుణకం గల పదార్థం ఉంటుంది. కాంతివేగంలో ఎదురెదురు దిశల భేదాన్ని వెతకడానికి దీన్ని వాడతారు.

హ్రస్వ స్పందన వలయ లేజర్: నిరంతర కాంతికి బదులు అతి చిన్న స్పందనలు తిరుగుతాయి. అవి ఎక్కడ ఎదురుపడాలో నిర్ణయించవచ్చు కాబట్టి పుంజాల మధ్య అవాంఛిత బంధం తగ్గుతుంది. న్యూమెక్సికో విశ్వవిద్యాలయంలో జాన్ క్లాడ్ డీల్స్ బృందం ఈ పద్ధతిని అభివృద్ధి చేసింది.

సూక్ష్మ వలయాలు: సిలికా వంటి పదార్థాలతో చేసిన చిన్న అనునాదకాలు. వీటిని ముఖ్యంగా భ్రమణ సంవేదనకు అధ్యయనం చేస్తున్నారు.

పరీక్షల వర్గాలు: లోరెంట్జ్ సౌష్ఠవం

లోరెంట్జ్ సౌష్ఠవ పరీక్షల ఫలితాలను చెప్పడానికి మూడు చట్రాలు వాడుకలో ఉన్నాయి. మొదటిది హోవర్డ్ రాబర్ట్‌సన్ 1949లో ప్రతిపాదించగా, 1977లో మన్సూరీ, సెక్సల్ విస్తరించినది. రెండవది కెనెత్ నార్ట్‌వెట్, క్లిఫర్డ్ విల్ అభివృద్ధి చేసిన న్యూటనోత్తర పరామితుల చట్రం. గురుత్వ సిద్ధాంతాల్లో ప్రత్యేక చట్రం ప్రభావాలను ఇది పరామితులుగా వ్యక్తం చేస్తుంది. మూడవది ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన అలెన్ కోస్టెలెట్స్కీ, సహచరులు 1990లలో నిర్మించిన ప్రామాణిక నమూనా విస్తరణ. కాంతి, పదార్థం, గురుత్వం అన్నిటిలోనూ జరగగల సౌష్ఠవ భంగాలను ఇది గుణకాలుగా వర్గీకరిస్తుంది.

మిన్నెసోటా రాష్ట్రంలోని కార్ల్‌టన్ కళాశాలకు చెందిన జే టాసన్ బృందం 2019లో సాన్యాక్ పరికరాలను ఈ విస్తరణ చట్రంలో విశ్లేషించింది. సాధారణ సాపేక్షతా ప్రభావాలను కొలవడానికి ఉద్దేశించిన వలయాలు లోరెంట్జ్ భంగాన్ని కూడా వెతకగలవని చూపింది.

ఇలాంటి భంగం ఉంటే దాని గుర్తు కాలంతోపాటు మారే సంకేతం. ప్రత్యేక దిశ నక్షత్రాల నేపథ్యంలో స్థిరంగా ఉంటుంది. భూమితో పాటు వలయం తిరుగుతుంది. కనుక సంకేతం 23 గంటల 56 నిమిషాల నాక్షత్ర దినంతో ఊగుతుంది. ఉష్ణోగ్రత వంటి స్థానిక ప్రభావాలు 24 గంటల సౌరదినాన్ని అనుసరిస్తాయి. నెలల తరబడి కొలిస్తే రెండింటినీ విడదీయవచ్చు.

పరీక్షల వర్గాలు: కాల విపర్యయం, పారిటీ

వలయంలో పదార్థాన్ని ఉంచి, దానిపై విద్యుత్, అయస్కాంత క్షేత్రాలను ప్రయోగించి, తెలిసిన ప్రభావాలకు మించిన దిశాభేదం వస్తుందా అని చూడటం ఈ వర్గపు పద్ధతి. స్టెడ్‌మన్, బిల్గర్ 1987లో మరో ప్రశ్న లేవనెత్తారు: బలమైన అన్యోన్య చర్యల సిద్ధాంతంలోని విశిష్ట లక్షణం శూన్యానికే ఎడమ–కుడి భేదాన్ని కలిగిస్తే వలయ లేజర్ దాన్ని పట్టగలదా? ఈ ఆలోచన ఆక్సియాన్ అనే ఊహాత్మక కణానికి సంబంధించినది. ఆక్సియాన్ క్షేత్రం ఉంటే ఎడమ, కుడి వృత్తాకార ధ్రువణాల కాంతి స్వల్పంగా భిన్నమైన వేగాలతో పోతుంది. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో వలయాకార అనునాదకంతో ఈ ప్రభావాన్ని వెతికే ప్రయోగం 2024లో తొలి ఫలితాలు ప్రచురించింది. కణం జాడ దొరకలేదు. దాని బంధ బలానికి పరిమితులు లభించాయి.

పరీక్షల వర్గాలు: చట్రపు ఈడ్పు

తిరిగే ద్రవ్యరాశి దేశకాలాన్ని తనతో ఈడుస్తుందని జోసెఫ్ లెన్స్, హాన్స్ థిరింగ్ 1918లో లెక్కించారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, నాసా 2004లో ప్రయోగించిన గ్రావిటీ ప్రోబ్–బి ఉపగ్రహం ఈ ప్రభావాన్ని సంవత్సరానికి 37.2 మిల్లీ ఆర్క్ సెకన్లుగా కొలిచింది. దోష పరిమితి 7.2. సిద్ధాంతం ఊహించినది 39.2. భూమిపై ఉన్న వలయ లేజర్‌లో సాధారణ సాపేక్షతా పదాల మొత్తం పరిమాణం భూభ్రమణ సంకేతంలో సుమారు వంద కోట్లలో ఒక వంతు. ఇటలీలోని గ్రాన్ సాసో భూగర్భ ప్రయోగశాలలో గింజర్ ప్రాజెక్టు దీన్నే లక్ష్యంగా పెట్టుకుంది. ఇది సౌష్ఠవ పరీక్ష కాకపోయినా, అదే స్థాయి సున్నితత్వం కోరుతుంది కాబట్టి రెండు కార్యక్రమాలూ కలిసి నడుస్తాయి.

కచ్చితత్వానికి అవరోధాలు

బంధన దోషం: అద్దం నుంచి ఒక పుంజంలోని కాంతి స్వల్పంగా వెనక్కి చెదిరి ఎదుటి పుంజంలో కలుస్తుంది. భ్రమణం చాలా నెమ్మదిగా ఉన్నప్పుడు రెండు పుంజాలూ ఒకే పౌనఃపున్యానికి కట్టుబడిపోయి విస్పందనం మాయమవుతుంది. విమానాల్లోని చిన్న జైరోలలో వలయాన్ని యాంత్రికంగా అటూ ఇటూ ఊపి దీన్ని అధిగమిస్తారు. పెద్ద వలయాల్లో భూభ్రమణం వల్ల వచ్చే విస్పందనమే పుంజాలను బంధన పరిధికి దూరంగా ఉంచుతుంది. అయినా చెదిరిన కాంతి విస్పందనాన్ని కొద్దిగా జరుపుతుంది.

జ్యామితి స్థిరత్వం: అద్దాలు కదిలితే వైశాల్యం, చుట్టుకొలతల నిష్పత్తి మారుతుంది. ఉష్ణోగ్రతకు దాదాపు వ్యాకోచించని జెరోడర్ గాజు పింగాణీని వాడటం, భూగర్భంలో ఉంచటం, చుట్టుకొలతను పౌనఃపున్య ప్రమాణంతో కట్టడి చేయటం దీనికి పరిష్కారాలు.

వాయు ప్రవాహం: వృద్ధి గొట్టంలో వాయువు ఒక దిశలో కదిలితే ఫ్రెనెల్ ఈడ్పు వల్ల బూటకపు దిశాభేదం వస్తుంది.

నేల వంపు, భూభ్రమణ మార్పులు: వలయ తలం స్వల్పంగా వంగినా సంకేతం మారుతుంది. భూభ్రమణ వేగం కూడా ఏకరీతిగా ఉండదు. దూర క్వేజార్ల రేడియో పరిశీలనల నుంచి దాని స్వతంత్ర విలువను తీసుకుని సరిచూడాలి.

క్వాంటం పరిమితి: ఫోటాన్ల సంఖ్యలోని సహజ చాంచల్యం కొలతకు అంతిమ హద్దు. కాంతి శక్తి, వలయ పరిమాణం, అద్దాల నాణ్యత పెరిగినకొద్దీ ఈ హద్దు దిగివస్తుంది.

ఈ హద్దులను దాటే ఉపాయాలపై అమెరికాలో భిన్న మార్గాలు నడుస్తున్నాయి. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో సెలిమ్ షహ్రియార్ బృందం వక్రీభవన గుణకపు తీరును మలచి వలయ స్పందనను పెంచే పద్ధతిని ప్రతిపాదించింది. 2019లో కాలిఫోర్నియా సాంకేతిక సంస్థ, సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయాల బృందాలు అసాధారణ బిందువు అనే స్థితి దగ్గర సాన్యాక్ సంకేతం పెరగడాన్ని చూపాయి. అక్కడ సంకేతంతో పాటు చాంచల్యం కూడా పెరుగుతుందని కాలిఫోర్నియా బృందమే 2020లో నివేదించింది.

ఇతర పద్ధతులతో పోలిక

లంబంగా అమర్చిన అనునాదకాల పద్ధతి, కాంతి పోయివచ్చే మొత్తం ప్రయాణంలోని దిశాభేదాన్ని కొలుస్తుంది. 2015లో ప్రచురితమైన ప్రయోగంలో ఇది 10⁻¹⁸ స్థాయిని అందుకుంది. ఆ వర్గపు భంగాల విషయంలో వలయాలు దీనికి సాటిరావు. ఎదురెదురు దిశల్లో గుర్తు మారే భంగాలకు మాత్రం వలయాలే నేరైన సాధనం. 2012లో పశ్చిమ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయం, 2013లో టోక్యో విశ్వవిద్యాలయం అసౌష్ఠవ వలయ అనునాదకాలతో ఈ వర్గపు పరిమితులను మెరుగుపరిచాయి. రెండు పద్ధతులూ ఒకదానికొకటి పూరకాలు.

అమెరికాలోని వలయాలు, విదేశీ భాగస్వామ్యాలు

అర్కాన్సా రాష్ట్రం కాన్వేలోని హెండ్రిక్స్ కళాశాలలో రాబర్ట్ డన్ 13 మీటర్ల భుజం గల త్రిభుజాకార వలయ లేజర్ రూపకల్పనను 1998లో ప్రచురించాడు. న్యూజిలాండ్ నగరం క్రైస్ట్‌చర్చ్‌లోని గుహలో 367 చదరపు మీటర్ల వలయం నిర్మాణంలో కూడా ఆయన పాలుపంచుకున్నాడు. అక్కడే తర్వాత 834 చదరపు మీటర్ల వలయం వచ్చింది. 2014 ఏప్రిల్ 27న మధ్య అర్కాన్సాను తాకిన భీకర టోర్నడో నుంచి వెలువడిన 0.94 హెర్ట్జ్ నిమ్న శబ్దాన్ని హెండ్రిక్స్ వలయం నమోదు చేసింది. సుడిగాలి నేలను తాకినట్టు సమాచారం రావడానికి 30 నిమిషాల ముందే ఆ పౌనఃపున్యం కనిపించింది. మౌలిక భౌతికశాస్త్రం కోసం పెంచిన సున్నితత్వానికి ఇలాంటి ఉపయోగం దొరకడం గమనార్హం.

దక్షిణ కాలిఫోర్నియాలోని పిన్యన్ ఫ్లాట్ పరిశీలనాలయంలో 1.6 మీటర్ల భుజం గల వలయాన్ని భూకంప తరంగాల్లోని భ్రమణ చలనాల కోసం నెలకొల్పారు. ప్రపంచంలో ఎక్కువ స్థిరత్వం సాధించిన వలయం జర్మనీలోని వెట్సెల్‌లో ఉంది. 4 మీటర్ల భుజం గల ఆ చతురస్రంలో భూభ్రమణ విస్పందనం సుమారు 348.5 హెర్ట్జ్. 2023లో ఆ బృందం 120 రోజుల నిరంతర కొలతతో దినప్రమాణంలోని మిల్లీసెకన్ల మార్పులను గుర్తించింది.

ప్రాముఖ్యం, ఉపయోగాలు

క్వాంటం సిద్ధాంతాన్ని, గురుత్వాన్ని కలిపే ప్రయత్నాల్లో కొన్ని లోరెంట్జ్ సౌష్ఠవానికి అతి స్వల్ప భంగం ఉండవచ్చని సూచిస్తాయి. ఆ భంగం స్పష్టంగా కనిపించే శక్తిస్థాయిలను ఏ కణ త్వరణయంత్రమూ నేరుగా అందుకోలేదు. తక్కువ శక్తి దగ్గర అత్యధిక కచ్చితత్వంతో చేసే పరీక్షలు ఆ లోటును కొంత తీరుస్తాయి. శూన్య ఫలితం కూడా సిద్ధాంతాలకు హద్దులు గీస్తుంది.

వాడుకలో వలయ లేజర్ నావిగేషన్ పరికరంగా స్థిరపడింది. హనీవెల్ సంస్థ చేసిన వలయ లేజర్ జైరోలు 1980ల ఆరంభంలో బోయింగ్ 757, 767 విమానాలతో పౌర విమానయానంలోకి వచ్చాయి. భారతదేశంలో వలయ లేజర్ జైరో ఆధారిత నావిగేషన్ వ్యవస్థను హైదరాబాదులోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్ అభివృద్ధి చేసింది. 2011 నవంబరు 15న జరిగిన అగ్ని–4 క్షిపణి పరీక్షలో దాన్ని ఉపయోగించారు. భూభౌతికశాస్త్రం, భూమాపనశాస్త్రం, భూకంపశాస్త్రం కూడా పెద్ద వలయాల నుంచి ప్రయోజనం పొందుతున్నాయి.

ప్రస్తుత స్థితి

ఇంతవరకు ఏ వలయ లేజర్ ప్రయోగమూ లోరెంట్జ్, పారిటీ, కాల విపర్యయ సౌష్ఠవాలకు కొత్త భంగాన్ని నిర్ధారించలేదు. నమోదైన దిశాభేదాలన్నీ భ్రమణం, అయస్కాంత క్షేత్రం, యానక చలనం, పరికర దోషాలతో వివరణకు అందాయి. అమెరికా ఈ రంగానికి తొలి పరికరాన్ని, పరీక్షల సిద్ధాంత చట్రాలను, నిష్క్రియ, హ్రస్వ స్పందన పద్ధతులను అందించింది. అతి పెద్ద, అతి స్థిరమైన వలయాలు న్యూజిలాండ్, జర్మనీ, ఇటలీలలో వెలిశాయి. భూభ్రమణ సంకేతంలో వంద కోట్లలో ఒక వంతుకు దిగువన దీర్ఘకాల స్థిరత్వం సాధించడం ఈ రంగంలో తదుపరి లక్ష్యం. అది నెరవేరితే చట్రపు ఈడ్పును భూమిపైనే కొలవటం, లోరెంట్జ్ భంగానికి మరింత బిగువైన పరిమితులు విధించటం ఒకే పరికరంతో సాధ్యమవుతాయి.